మేడారం జాతరకి లోడ్ టెస్టింగ్ ఎలా?

మన ఫీల్డులో ఏ సైటయినా లైవ్‌కి వెళ్ళేముందు లోడ్ టెస్టింగ్ చేస్తాం. ఉత్తుత్తి యూజర్లని వేలల్లో పుట్టించి సర్వర్ మీదకి తోలతాం. పడిపోతే రీస్టార్ట్ కొట్టి, కారణం వెతుక్కుంటాం. మనుషులతో ఆ పని కుదరదు కదా. మరి మేడారంలాంటి చోట డ్యూటీ చేసే పోలీసుకి, ఆర్టీసీ ఉద్యోగికి ముందే శిక్షణ ఇవ్వడం ఎలా? ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తే వీడియోకీ, సిమ్యులేషన్‌కీ చాలా పెద్ద చరిత్రే కనబడింది.

ముందు మేడారం సంగతి. తాడ్వాయి అడవుల్లో ఊరు. 2016 దాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు ములుగు. రెండేళ్ళకోసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మ జాతర, 1996లో రాష్ట్ర పండుగ అయింది. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది. గురువారం చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో సమ్మక్క వస్తుంటే జిల్లా ఎస్పీ గాల్లోకి కాల్పులు జరిపి స్వాగతం చెప్తారు. శుక్రవారం తల్లులిద్దరూ గద్దెల మీద ఉంటారు, శనివారం వనప్రవేశం. జంపన్నవాగులో మునిగి, 'బంగారం' (అదే, బెల్లం) నెత్తిన పెట్టుకుని అందరూ వెళ్ళేది ఆ గద్దెల దగ్గరికే. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగిన జాతరకి ఆర్టీసీ 6,000 బస్సులు ప్రకటించింది. వచ్చిన జనం కోటి దాటారని ప్రభుత్వం లెక్క. మన భాషలో చెప్పాలంటే ట్రాఫిక్ ఎప్పుడు పెరుగుతుందో, ఎటు వెళ్తుందో ముందే తెలుసు. తెలిసినా తట్టుకోవడం మాత్రం తేలిక కాదు.

జనం గుంపుని కెమెరాతో చదవడం కొత్త కాదు. అమెరికా ఇంజనీరు జాన్ ఫ్రూయిన్ పాదచారుల నడక మీద 1971లోనే పుస్తకం వేశాడు. తర్వాత 1993లో ఆయన రాసిన మాట ముఖ్యం: చదరపు మీటరుకి సుమారు ఏడుగురు చేరితే గుంపు దాదాపు ద్రవంలా కదులుతుంది, అందులో ఎవరి కాళ్ళు వాళ్ళ మాట వినవు. మనం 'తొక్కిసలాట' అంటాం గానీ ఆ మాటే కొంచెం తప్పుదోవ పట్టిస్తుంది. ఇలాంటి ఘటనల్లో చాలామంది నిలబడే, ఛాతీ నొక్కుకుపోయి, ఊపిరాడక చనిపోతారు. వెనకనుంచి వచ్చేవాడికి ముందు ఏం జరుగుతోందో తెలియదు. కాబట్టి 'జనానికి క్రమశిక్షణ లేదు' అని తేల్చేయడం అన్యాయం.

మరి కెమెరా ఉంటే చాలా? 1989 ఏప్రిల్ 15న ఇంగ్లండులోని హిల్స్‌బరో స్టేడియంలో కెమెరాలున్నాయి, వాటి దృశ్యాలు కంట్రోల్ రూములో కనబడుతున్నాయి. కానీ ఆ మ్యాచ్ బాధ్యతలో ఉన్న అధికారి ఆ పదవిలోకి వచ్చి మూడు వారాలు కూడా కాలేదు. బయట రద్దీ తగ్గించడానికి ఒక గేటు తెరిపించారు, అక్కడినుంచి అప్పటికే నిండిన గ్యాలరీలోకి వెళ్ళే దారి మాత్రం మూయలేదు. 97 మంది ప్రాణాలు పోయాయి. తెరమీద బొమ్మ ఉంది, దాన్ని చదివే అనుభవం లేదు.

చదవడం ఎలాగో నేర్పింది 2006 నాటి మీనా ప్రమాదం. ఆ ఏడాది జనవరి 12న హజ్ యాత్రలో జమరాత్ వంతెన దగ్గర 340 మందికి పైగా చనిపోయారు. ఆ వీడియోని డిర్క్ హెల్బింగ్, అండర్స్ యోహాన్సన్, సౌదీకి చెందిన అల్ ఆబిదీన్ కలిసి కంప్యూటరుతో విశ్లేషించి 2007లో ప్రచురించారు. హెల్బింగ్ 1995 నుంచీ గుంపుల మీద సిమ్యులేషన్లు చేస్తున్నవాడే. వీడియోలో తేలిందేమిటంటే, సాఫీగా నడుస్తున్న జనం ముందు ఆగి-కదిలి-ఆగి అలలుగా మారారు. 20 నిమిషాలకు పైగా గడిచాక ఆ అలలు అన్ని దిక్కులా తోసే సుడిలా తయారయ్యాయి. అంటే హెచ్చరిక అంత ముందే కనబడింది! ఆ అలల్ని గుర్తుపట్టే కన్ను కంట్రోల్ రూములో ఉంటే వెనక దారి ఆపడానికి టైముంది. తర్వాత అక్కడ ఒకవైపు దారులు పెట్టారు, గుంపులకి టైములు ఇచ్చారు, అంతస్తుల వంతెన కట్టారు.

ఇక్కడితో కథ సుఖాంతం అయ్యుంటే బావుండేది. 2015 సెప్టెంబర్ 24న అదే మీనాలో, వంతెన మీద కాకుండా దానివైపు వెళ్ళే వీధుల్లో, రెండు ప్రవాహాలు ఎదురెదురై ప్రమాదం జరిగింది. ప్రభుత్వ లెక్క 769, వార్తాసంస్థల లెక్క 2,400 పైనే. అంతకు రెండు నెలల ముందే, జులై 14న, మన రాజమండ్రి పుష్కరాల మొదటి రోజు ఒకే ఘాట్ దగ్గర 27 మంది పోయారు. నాకు అర్థమయిందేమిటంటే సిమ్యులేషన్ మనం గీసిన మ్యాప్ వరకే పాఠం చెప్తుంది. మ్యాప్ బయట ఉన్న సందు గురించి దానికేం తెలుసు?

మళ్ళీ మేడారం. అక్కడి కోయ పూజారులకి, అంటే వడ్డెలకి, ఈ పని తరతరాలుగా చేతులు మారుతూ వచ్చింది. పెద్ద జాతర లేని ఏడాది మినీ జాతర కూడా జరుగుతుంది. దాన్ని మన స్టేజింగ్ సర్వర్ అనుకోవచ్చు, కాకపోతే అసలు లోడ్ అక్కడ ఉండదు. అధికారుల సంగతి వేరు. రెండేళ్ళలో బదిలీలు అవుతాయి. ఒక జాతర చూసిన అధికారి వచ్చే జాతరకి అక్కడే ఉంటాడన్న నమ్మకం లేదు. వాళ్ళ అనుభవం వాళ్ళతోనే వెళ్ళిపోతే కొత్తవాళ్ళు మళ్ళీ అ ఆల దగ్గర మొదలుపెట్టాలి.

ఇప్పుడు జాతరలో సీసీ కెమెరాలు, డ్రోన్లు ఉన్నాయి. ఆ రికార్డింగుల్ని జాగ్రత్తగా దాచి, 'ఇదిగో, ఇక్కడ అలలు మొదలయ్యాయి, ఈ నిమిషంలో ఈ దారి ఆపి ఉండాల్సింది' అని గుర్తులు పెట్టి, వచ్చే బ్యాచ్‌ని కూర్చోబెట్టి చూపిస్తే అదే పెద్ద శిక్షణ. గద్దెల చుట్టూ దారుల మ్యాప్ బల్లమీద పరిచి 'ఈ గేటు మూసుకుపోతే ఏం చేస్తావు?' అని అడగడానికి సూపర్ కంప్యూటర్ కూడా అక్కర్లేదు. ఆ ఆటలో వడ్డెల్ని, ఊరివాళ్ళని కూడా కూర్చోబెడితే మ్యాప్‌లో లేని దారులు వాళ్ళే చెప్తారు.

మనం సర్వర్ పడ్డ ప్రతిసారీ పోస్ట్‌మార్టెం రిపోర్ట్ రాసుకుంటాం. జాతర క్షేమంగా జరిగిన ఏడాది కూడా అలాంటిదొకటి రాసుకుని, వీడియోతో సహా తర్వాత వచ్చేవాడి చేతికి ఇవ్వాలని నా అభిప్రాయం. మీరేమంటారు?