చెరువుల చేటు ఎప్పుడు మొదలైంది?

కడప సీమ నీటి చరిత్ర చెప్పేవారు రెండు కారణాల దగ్గరే ఆగిపోతుంటారు. వానలు లేవు కాబట్టి కరువు అనేది మొదటిది. బోర్లు దిగాక చెరువులు పాడయ్యాయనేది రెండోది. మంగంపేట చుట్టూ నీటి నడక చూసినవారికి ఈ రెండూ సగం మాటలే.

శేషాచలం, వెలికొండల నడుమ ఇరుకైన నేల ఇది. వాన పడే రోజులు కొన్నే, పడిన నాడు మాత్రం కుండపోత. గట్టి రాయి, పలకరాయి నీటిని సులువుగా మింగవు. పగుళ్లలోకి దిగినంతే బావికి దక్కుతుంది. మిగిలింది వంకల వెంట గుంజనకు, చెయ్యేటికి, పెన్నకు, చివరికి సముద్రానికి పోతుంది. ఆ నీటిని దారిలో ఎన్నాళ్లు ఆపగలిగారన్నదాన్ని బట్టే ఇక్కడ పంట పండింది.

ఆపడం మనవాళ్లకు తెలుసు. 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం చెరువుకు 12 అంగాలు, 6 దోషాలు లెక్కగట్టింది. నీరు తక్కువై నేల ఎక్కువైనా దోషమే, నీరు ఎక్కువై నేల చాలకపోయినా దోషమే. కొలత తెలిసిన మాట అది. ఆ చెరువు గురించి ఇప్పటికే చాలామంది రాశారు. తర్వాతి కాలాన్నే నిదానంగా చూడాలి.

కట్ట కట్టినవారికి, దాన్ని బాగు చేయించేవారికి దశబంధం ఇనాం ఉండేది. మరమ్మతుకు భూమి ఆదాయం ముడిపడి ఉండటమే అందులో అసలు సంగతి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. కంపెనీ కలెక్టరు మన్రో కాలంలో ఇక్కడ పాతుకున్న రైత్వారీ పద్ధతి ఏ పొలానికి ఆ పొలంగా శిస్తు లెక్క కట్టింది. ఊరందరిదీ అయిన కట్టకు అలాంటి లెక్క లేదు. ఊరివాళ్లంతా కలిసి చెరువును బాగుచేసుకునే కుడిమరామత్తు పనికి రానివారి నుంచి డబ్బు రాబట్టేలా 1858లో మద్రాసు ప్రెసిడెన్సీకి చట్టం వచ్చింది. ఆచారంగా సాగిన పనికి చట్టం కావలసి వచ్చిందంటే, అప్పటికే అది సడలిందని నేను అర్థం చేసుకుంటాను. ఆ వెంటనే ఇనాం కమిషన్ వచ్చి ఇనాములన్నిటినీ తిరగతోడింది. 1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. ఈ పరిణామాలన్నిటికీ తర్వాతిది బోరు.

అలాగని పాతకాలాన్ని స్వర్ణయుగం అనలేను. పాళెగాళ్ల తగవుల్లోనూ కట్టలు తెగాయి, ఇనాం తిని కట్ట వైపు చూడనివారూ ఉన్నారు. కట్టకు మట్టి మోసినవారిలో చాలామందికి ఆయకట్టు కింద సెంటు భూమి కూడా లేదు. ఆ అన్యాయాన్ని దాచి పాత పద్ధతిని పొగడకూడదు. అయినా కట్టకు బాధ్యుడెవరో ఊరికి తెలిసిన రోజులవి.

కట్టకు బాధ్యుడు లేకుండా పోయిన ఖాళీలోకే బోర్లు వచ్చాయి. కోడూరు మామిడి, అరటి, బొప్పాయి తోటలు వాటి మీదే బతుకుతున్నాయి. రైతును తప్పుపట్టలేను, చెరువు నిండకపోతే అతనికి వేరే దారి లేదు. నీరు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 వాల్టా చట్టం బోర్లను అదుపులో పెడుతుందనుకున్నాం. కాగితం మీద ఉన్నంత గట్టిగా అది ఊళ్లో కనబడదు.

బోర్లకు తోడు ఇక్కడ గని కూడా ఉంది. మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) ప్రపంచమంతటా చమురు బావుల తవ్వకానికి పోతుంది. దాన్ని తీసిన గుంత చాలా లోతు. అంత లోతు గుంత ఎక్కడున్నా వాననీరు, ఊటనీరు అందులోకే చేరతాయి, పని సాగాలంటే తోడిపోయక తప్పదు. చుట్టుపక్కల బావులు ఎండటానికి గుంతొక్కటే కారణమని అనను. కానీ తోడిన నీరు ఏ చెరువుకు చేరుతోందన్న లెక్క ఊరివాళ్ల చేతిలో ఉండాలి.

2021 నవంబరు 19న చెయ్యేటి వరదకు అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, దిగువ పల్లెలు కొట్టుకుపోయాయి. వాన లేని సీమ అనే మాట ఆ ఉదయం నిలబడలేదు. ఆ తర్వాత కూడా మన మాటలన్నీ పెద్ద కట్టల గురించే. చెరువు పూడిక తీయడానికి డబ్బు దొరుకుతుంది. వంక నుంచి చెరువుకు నీరు తెచ్చే కాలువను ఆక్రమణ నుంచి విడిపించడానికి మాత్రం ఎవరూ ముందుకు రారు.