సత్యభామ నడక ఎవరు నేర్పారు?

కూచిపూడి నాట్యం మీద వచ్చిన పుస్తకాల్లో ఒక అధ్యాయం ఇంచుమించు ఒకే తీరుగా సాగుతుంది. పూర్వం ఆడవాళ్ళు గజ్జె కట్టేవారు కాదు, స్త్రీవేషాలన్నీ మగవాళ్ళే వేసేవారు. ఇరవయ్యో శతాబ్దంలో ఉదారులైన గురువులు ఆడపిల్లలకు నేర్పడం మొదలుపెట్టారు. దాంతో కళ దేశదేశాలకూ పాకింది. అంతకుముందు ఆడవాళ్ళు ఎందుకు లేరంటే రెండు కారణాలు చెబుతారు. ఒకటి దేహధర్మం: తెల్లవార్లూ ఆడే ఓపిక ఉండదని, నెలసరి మైల అడ్డొస్తుందని. రెండోది ఆచారం: జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కడతామని భామాకలాపం కర్తగా చెప్పే సిద్ధేంద్రయోగి కూచిపూడి ఊళ్ళోని బ్రాహ్మణ మగపిల్లల చేత బాస చేయించాడని. ఈ రెండూ పైపై కారణాలేననీ, అసలు కీలకం కులంలోనూ పరువులోనూ ఉందనీ నా అభిప్రాయం.

తొలి దశల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. శాస్త్రం ఆడవాళ్ళకు అడ్డు చెప్పలేదు. లాలిత్యం, శృంగారం నిండిన కైశికీవృత్తి మగవాళ్ళ వల్ల కాదనే బ్రహ్మ అప్సరసలను సృష్టించాడని నాట్యశాస్త్రం అంటుంది. మగవాడు ఆడవేషం వేసినా, ఆడది మగవేషం వేసినా రెంటికీ అందులో చోటుంది. కూచిపూడి భాగవతులు విజయనగర రాజు వీరనరసింహరాయల ఎదుట స్థానిక పాలకుడు సంబెట గురవరాజు దురాగతాలను ఆడి చూపించారని మాచుపల్లి కైఫీయతు, అంటే ఆ ఊరి చరిత్ర, చెబుతుంది. ఆ ఘటనకు 1502 అని తేదీ వేయడం పరిపాటి అయింది గానీ, వీరనరసింహరాయలు గద్దెనెక్కింది 1505లో. పైగా కైఫీయతులు కల్నల్ మెకంజీ రోజుల్లో, అంటే దాదాపు మూడు వందల ఏళ్ళ తర్వాత సేకరించినవి. 1678లో గోల్కొండ సుల్తాను తానీషా కూచిపూడిని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చాడన్న కథనూ ఆ జాగ్రత్తతోనే వినాలి. వీటిలో ఏదీ ఆడవాళ్ళు ఆడకూడదని చెప్పదు.

సత్యభామ కథను ఆడే భామాకలాపాన్నే కాస్త దగ్గరగా చూద్దాం. ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటారు. ముఖం కనపడకముందే సత్యభామ పొడుగాటి జడ తెర మీదుగా ఇవతల పడుతుంది. వేషం కట్టింది ఎవరింటి కుర్రాడో ఊరందరికీ తెలుసు. ఆపైన సూత్రధారుడు వస్తాడు. సత్యభామ దగ్గర అతను చెలికత్తె మాధవి. కృష్ణుడి దగ్గరికి వెళ్ళేసరికి మాధవుడు. దుస్తులు మార్చుకోడు. ఎదుటివాళ్ళ పిలుపు మారుతుంది, దాన్నిబట్టి మాటతీరు మారుతుంది, ప్రేక్షకుడు ఏ తడబాటూ లేకుండా కథ వెంట వెళ్ళిపోతాడు. ఆడతనంలో ఒంటితో వచ్చేది ఎంత, నలుగురూ కలిసి ఒప్పుకున్నది ఎంత అన్న ప్రశ్నను పందిరి కింద ఇంత తేలిగ్గా తేల్చేసిన ప్రదర్శనలు అరుదు.

అయితే ఈ కలాపం మగవాళ్ళ సొత్తేమీ కాదు. గోదావరి జిల్లాల్లో దేవదాసీ సంప్రదాయానికి చెందిన కలావంతుల మేళాలు భామాకలాపం, గొల్లకలాపం ఆడాయి. పదాలకు కూర్చుని అభినయం పట్టడంలో వారిది అందెవేసిన చెయ్యి. కాబట్టి పూర్వం ఆడవాళ్ళు ఆడలేదన్న మాట చెల్లదు. బ్రాహ్మణ గృహిణులు ఆడలేదు; కలావంతులు ఆడారు. ఒకరి ఒంటికి లేని ఓపిక మరొకరి ఒంటికి ఎక్కడి నుంచి వచ్చింది? దేహధర్మం వాదన ఇక్కడే వీగిపోతుంది.

ఇక తగవంతా 1890ల నుంచి 1960ల దాకా నడిచిన కాలం గురించే. 1893లో మద్రాసులోని సంఘ సంస్కరణవాదులు ఈ స్త్రీల ఆటపాటల కచేరీలైన మేజువాణీలకు హాజరు కావద్దని వైస్రాయికీ, గవర్నరుకూ విన్నపాలు పంపారు. తెలుగునాట వీరేశలింగం గారు ఆ ఉద్యమానికి పెద్దదిక్కయ్యారు. 1930లో ముత్తులక్ష్మీరెడ్డి బిల్లు, 1947లో మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం వచ్చాయి. పసిపిల్లలను గుడికి అంకితం చేసే పద్ధతిలో క్రౌర్యం ఉంది. దాన్ని ఆపాలన్న సంస్కర్తల పట్టుదలను తక్కువ చేయకూడదు. కానీ ఆ చట్టం అంకితాన్ని ఆపడంతో ఊరుకోలేదు. గుడి ఆవరణలో గానీ, దేవుడి ఊరేగింపులో గానీ, ఉత్సవంలో గానీ స్త్రీ నృత్యం చేయడాన్నే చట్టవిరుద్ధం చేసింది. పురుషుడి ఊసు అందులో లేదు. అంటే సత్యభామ వేషం కట్టిన మగవాడు ఆడవచ్చు, అదే కలాపం తెలిసిన కలావంతురాలు ఆడకూడదు. 1956లో ఆంధ్రలో వచ్చిన సవరణ పెళ్ళిళ్ళలో మేళాలకు కూడా ముగింపు పలికింది. గుడి పోయింది, పెళ్ళిపందిరి పోయింది. ఇక వాళ్ళకు మిగిలింది ఇంటి లోగిలి.

దాదాపు అదే కాలంలో రెండో వైపు తలుపు తెరుచుకుంది. కొత్తగా ఏర్పడిన తెలుగు రాష్ట్రానికి తనదని చెప్పుకునే శాస్త్రీయ నృత్యం కావలసి వచ్చింది. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ జరిపిన నృత్య సదస్సులో విస్సా అప్పారావు గారు కూచిపూడి తరఫున వాదం వినిపించారు. అరవనాట భరతనాట్యం అప్పటికే పెద్దింటి ఆడపిల్లల విద్య అయిపోయింది. కూచిపూడికీ అలాంటి ముఖాలే అవసరమయ్యాయి. ఇంద్రాణీ రెహమాన్, యామినీ కృష్ణమూర్తి ఆ రోజుల్లో వేదికనెక్కినవారు. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి నేర్పే అకాడమీ పెట్టారు. చదువుకున్న ఇళ్ళ పిల్లలు బారులు తీరారు. వీరిలో కలావంతుల బిడ్డలు దాదాపు కనిపించరు.

ఇందులో కుట్ర వెతకడం నా ఉద్దేశం కాదు. సోలో నృత్యానికి బాట వేసిన వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి వంటి గురువుల చొరవ నిజమే. బతుకుతెరువు ఒత్తిడీ నిజమే: భాగవతుల కుర్రాళ్ళు సినిమా కోసం మద్రాసు చేరి, తారలకు అడుగులు నేర్పుతూ ఇల్లు నడుపుకున్నారు. కానీ ఎవరి మంచితనాన్ని ఎంత లెక్కలోకి తీసుకున్నా తేలేది ఒకటే. అప్పుడు జరిగింది ఆడవాళ్ళ ప్రవేశం కాదు. కొందరు ఆడవాళ్ళను బయటికి పంపి, మరికొందరిని లోపలికి తీసుకోవడం.

నాటకరంగం చూసినా ఇదే కనిపిస్తుంది. 1885లో మొదలైన సురభి నాటక సమాజపు కుటుంబాల్లో ఆడవాళ్ళు స్త్రీవేషాలే కాదు, మగవేషాలూ వేశారు. తర్వాతి తరంలో బాపట్ల నుంచి వచ్చిన స్థానం నరసింహారావు సత్యభామగా, చింతామణిగా, రోషనారాగా ఇళ్ళల్లోని ఆడవాళ్ళు సైతం మెచ్చుకునేలా నటించారు. ఒకే భాషలో, ఒకే కాలంలో రెండు పద్ధతులూ నడిచాయంటే ప్రకృతి ఏదీ శాసించలేదన్నమాట. అలాగని శరీరం ఊసే లేదనలేం. స్త్రీవేషానికి సన్నని ఒళ్ళు, లేత గొంతు ఉన్నవాళ్ళనే ఏరుకునేవారు. శరీరం కొంత హద్దు గీస్తుంది. ఆ హద్దులోపల ఏ చూపు, ఏ వాలకం, ఎంత సిగ్గు అన్నది సంఘం నిర్ణయిస్తుంది.

దీనికి గట్టి సాక్ష్యం 1960ల నాటి శిక్షణే. ఆ ఆడపిల్లలకు సత్యభామ నడక, ఓరచూపు, అలక, విరహం నేర్పినవాళ్ళు మగవాళ్ళు. వేదాంతం సత్యనారాయణశర్మ అప్పటికే సత్యభామగా దేశమంతా పేరుపొందారు. 1970లో పద్మశ్రీ కూడా ఆ వేషాలే తెచ్చిపెట్టాయి. ఆడతనం పుట్టుకతోనే వచ్చేదైతే ఆడపిల్ల మగగురువును చూసి నేర్చుకోవలసిన పనిలేదు. మగవాడి ఊహలోని ఆడది ముందు ఒక పద్ధతిగా స్థిరపడింది. తర్వాత ఆడపిల్లలు దాన్ని వంటబట్టించుకున్నారు. శోభానాయుడు వంటి నర్తకులు ఆ పాత్రకు తమ ప్రాణం పోశారన్నది వేరే సంగతి, గొప్ప సంగతి.

ఇవాళ క్లాసుల నిండా ఆడపిల్లలే. మగపిల్లవాడు గజ్జె కడితే తోటివాళ్ళు వెక్కిరిస్తారు; వందేళ్ళలో పరువు తలకిందులైంది. స్టేడియాల్లో వేలమంది ఒక్క తాళానికి ఆడి రికార్డులు కొట్టడం చూసి సంబరపడేవారితో నేను గొంతు కలపలేను. అక్కడ అడుగు మిగిలింది, అభినయం పోయింది. సత్యభామ వయ్యారాన్ని ఆడపిల్లకు సహజమని చెప్పి నేర్పడం అంతకంటే పెద్ద పొరపాటు. అది ఎన్నో తరాల మగవాళ్ళ సాధన. పదాల అభినయాన్ని నిలబెట్టిన కలావంతుల పేర్లు పాఠ్యక్రమంలో ఎక్కడో ఒక వాక్యంలో మెరిసి మాయమవుతాయి. వారి భామాకలాపాన్ని కూచిపూడి భామాకలాపం పక్కన సమానంగా కూర్చోబెట్టి చదివించనంతకాలం, ఆడవాళ్ళకు తలుపు తెరిచామన్న మాట అర్ధసత్యంగానే మిగులుతుంది.