విండోస్.ఓల్డ్
డిస్కును ఫార్మాట్ చేయకుండా విండోస్‌ను అప్‌గ్రేడ్ చేసినప్పుడు గానీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు గానీ పాత ఫైళ్లు చేరే ఫోల్డరు. ఇది అనేక గిగాబైట్ల చోటు ఆక్రమిస్తుంది. విండోస్ 10, 11లలో అప్‌గ్రేడ్ తర్వాత 10 రోజులకు దానంతటదే పోతుంది. ముందే తీసేయాలంటే సెట్టింగ్స్‌లోని స్టోరేజ్‌లో తాత్కాలిక ఫైళ్ల విభాగానికి వెళ్లాలి. తొలగించాక పాత విండోస్‌కు తిరిగి వెళ్లే వీలుండదు.

శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా డీటీపీ కేంద్రాల్లో శుభలేఖలు, కరపత్రాలు ఎన్నో ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో కూర్చినవే. ఇవి యూనికోడ్ ఫాంట్లు కావు. ‘అను’ ఫాంట్లు కంప్యూటర్‌లో లేకపోతే ఆ పత్రాలు అర్థంకాని గుర్తులుగా కనిపిస్తాయి. పాత విండోస్‌లోని ఫాంట్లూ విండోస్.ఓల్డ్‌లోకే చేరతాయి కాబట్టి, దాన్ని తొలగించే ముందే అందులోని ఫాంట్లను తప్పక భద్రపరచుకోవాలి. తెలుగు యూనికోడ్ ఫాంట్లలో మాత్రం నిర్మలా యూఐ విండోస్‌తోనే వస్తుంది. గౌతమి, వాణి ఫాంట్లను విండోస్ 10 నుంచి సెట్టింగ్స్ ద్వారా విడిగా చేర్చుకోవచ్చు.