కౌమార విద్య: నెదర్లాండ్స్, తెలుగునాడు – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

నేను చోడవరంలో పదో తరగతి చదివే రోజుల్లో జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చింది. మా మాష్టారు పుస్తకం మూసి, "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అన్నారు. మీలో చాలామందికి ఇటువంటి అనుభవం ఉండే ఉంటుంది. పాఠం పుస్తకంలో ఉంది, తరగతిలో లేదు. ఈ లోటును చాలావరకు పూడ్చుకున్న దేశం నెదర్లాండ్స్. ఆ దేశ చరిత్రతో మన చరిత్రను పోల్చి చూద్దాం.

నెదర్లాండ్స్ అనుభవం

ఆ దేశంలోనూ ఈ విషయం మొదటినుంచీ బహిరంగం కాదు. కుటుంబ నియంత్రణను సమర్థించే నవ మాల్తూసియన్ సంఘం 1881లో ఏర్పడింది. మరుసటి ఏడాది నుంచి డాక్టర్ అలెట్టా జాకబ్స్ ఆమ్‌స్టర్‌డామ్‌లో పేద స్త్రీలకు గర్భనిరోధం గురించి సలహాలిచ్చారు. 1911 నాటి చట్టం గర్భనిరోధక సాధనాల బహిరంగ ప్రచారాన్ని నిషేధించింది. ఆ ఆంక్షలు తొలగడానికి 1969 వరకు పట్టింది. ఈలోగా 1946లో పాత సంఘం స్థానంలో లైంగిక సంస్కరణ సంఘం వెలిసింది. 1960లలో దాని సభ్యుల సంఖ్య 2 లక్షలు దాటింది. అంటే బడికంటే ముందే సమాజం ఈ విషయం మాట్లాడటం నేర్చుకుంది. 2012లో ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలల్లో ఈ బోధన తప్పనిసరి అయింది.

తెలుగునాట పరిణామం

అదే 1881లో, డిసెంబరు 11న, కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. మన సంస్కర్తలు పెళ్లి గురించి ధైర్యంగా మాట్లాడారు. శరీరం గురించిన మౌనం మాత్రం చాలాకాలం కొనసాగింది. తరువాతి కాలంలో విజయవాడకు చెందిన డాక్టర్ జి. సమరం స్వాతి వారపత్రికలో ఏళ్ల తరబడి పాఠకుల సందేహాలకు జవాబులిచ్చారు. బడి చెప్పనిది పత్రిక చెప్పింది.

బడిలోకి ఈ విషయం రెండు భయాల వెంట వచ్చింది. 1980లో జనాభా పెరుగుదల భయంతో జనాభా విద్యా పథకం, 2005లో ఎయిడ్స్ భయం ముమ్మరంగా ఉన్నప్పుడు కౌమార విద్యా కార్యక్రమం మొదలయ్యాయి. 2007లో మహారాష్ట్ర, కర్ణాటక వంటి రాష్ట్రాలు రెండో కార్యక్రమాన్ని నిరాకరించాయి. ఎం. వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల సంఘం 2009లో, పాఠశాలల్లో లైంగిక విద్య ఉండరాదని సూచించింది. పిల్లలు చెడిపోతారన్నది అప్పటి వాదన. ఒక భయం తెచ్చిన పాఠాన్ని మరో భయం వెనక్కి నెట్టింది.

సారాంశం

2012 సంవత్సరాన్ని గుర్తుంచుకోండి. అక్కడ పాఠం తప్పనిసరి అయిన ఏడాదే ఇక్కడ 18 ఏళ్లలోపు పిల్లల రక్షణకు పోక్సో చట్టం వచ్చింది. చట్టం పనిచేయాలంటే తనకు జరిగినది తప్పని బిడ్డకు తెలియాలి, దాన్ని చెప్పే మాటలు ఉండాలి. ఆ మాటలు నేర్పవలసింది పాఠమే. రేపు మీలో కొందరు ఉపాధ్యాయులవుతారు, చాలామంది తల్లిదండ్రులవుతారు. ఆ పుటను మూయడమో, తెరవడమో మీ చేతుల్లో ఉంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

కౌమార విద్య బడిలోకి వచ్చిన కారణాలు దాని భవిష్యత్తును ఎలా నిర్ణయించాయి? రెండు ప్రాంతాలను పోల్చి పది వాక్యాల్లో రాయండి.