తుత్తునాగం

ఒక గళ్లనుడికట్టులో ‘జింకు’ అన్న ఆధారానికి ‘తగరం’ అని జవాబిచ్చారు. అది తప్పు. తగరం అంటే టిన్ను, దాని పరమాణు సంఖ్య 50. జింకుది 30, దాని పేరు తుత్తునాగం. రాగితో తగరం కలిస్తే కంచు, తుత్తునాగం కలిస్తే ఇత్తడి. తుత్తునాగం అన్నది సంస్కృత తుత్థం, నాగం కలిసిన మాట. ఇక్కడ నాగం పాము కాదు, సీసం. తుత్థమంటే మైలుతుత్తం, నెమలి మెడ రంగులో మెరిసే ఆ నీలి పలుకుల్నే రైతులు సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా తోటలకు కొడతారు. మన దేశపు రేవుల్లో తుత్తునాగం అన్న మాట విన్న పోర్చుగీసు వర్తకులు ‘తుతెనాగ’ అన్నారు. ఇంగ్లీషు నిఘంటువులకూ ఎక్కింది. ఇంత దూరం నడిచిన మాటను మనమే వదులుకోవడం బాధ కలిగిస్తుంది. గళ్లు కూర్చేవారికి మనవి: మూడు గళ్లే మిగిలాయని తగరం పెట్టేయకండి, తుత్తునాగానికి నాలుగు కావాలి.