శ్రమదానంతో వేసిన ఊరి బాటలు

మన ప్రత్యేక సంచికకు పాత రోజుల పాలన గురించి ఏదైనా రాయమని సంఘం పెద్దలు కోరారు. సమితి ఆఫీసుల్లో పనిచేసిన మిత్రులకు పనుల రిజిస్టరులో ‘ప్రజా విరాళం’ అనే గడి గుర్తుండే ఉంటుంది. మన ఊళ్ళలోని ఎన్నో మట్టి రోడ్ల, బడి గదుల, మంచినీటి బావుల చరిత్ర ఆ ఒక్క గడిలో ఇమిడి ఉంది. ఈ తరం పిల్లలకు అది తెలియాలనే ఈ నాలుగు మాటలు.

ఊరి పని ఊరివారే కలిసి చేసుకోవడం మనకు కొత్త కాదు. మద్రాసు రాష్ట్రపు జిల్లాల్లో దీనికి కుడిమరామత్తు అని పేరు. చెరువు కింది రైతులు ఏటా కాలువ పూడిక తీయడం, కట్ట మీద కంప కొట్టడం, గండి పడితే పూడ్చడం ఆనవాయితీ. రాయలసీమలో చెరువు తవ్వించి బాగు చేసేవారికి దశబంధం ఇనాములు ఉండేవి. ఆ కట్టుబాటు సడలుతున్న కాలంలో, 1858లో, కట్ట తెగే ప్రమాదం ఉన్నప్పుడు గ్రామస్థులు పనిలోకి రావాలని మద్రాసు ప్రభుత్వం ఏకంగా చట్టమే చేసింది. నైజాం ప్రాంతంలో కథ వేరు. అక్కడ దొరలకు, అధికార్లకు జనం చేసిన వెట్టిచాకిరి అందరికీ తెలిసిందే. కనుక ‘కూలి లేకుండా పని’ అనే మాట అక్కడి పేదవాడి చెవికి ఒక రకంగా, డెల్టా రైతు చెవికి మరొక రకంగా వినిపించడంలో వింత లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1952 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, దేశంలో 55 చోట్ల సమాజ వికాస ప్రాజెక్టులు మొదలయ్యాయి. ఒక్కొక్క ప్రాజెక్టు కింద సుమారు 300 గ్రామాలు, 2 లక్షల జనాభా. మరుసటి ఏడు జాతీయ విస్తరణ సేవ వచ్చింది. బ్లాకులు, బి.డి.ఓ.లు, గ్రామసేవకులు అనే మాటలు అప్పుడే మన భాషలో కలిశాయి. ప్రభుత్వం కొంత డబ్బు, ఓవర్సీరు సలహా ఇస్తుంది; మిగతా భాగం ఊరివారు నగదుగానో, సామానుగానో, శ్రమగానో భరించాలి. ఇదీ పద్ధతి.

ఆ శ్రమను లెక్కగట్టే తీరు నేటివారికి విచిత్రంగా తోస్తుంది. రోడ్డు పక్కన మట్టి తీసిన గుంతల మధ్య ఒక దిబ్బను తవ్వకుండా వదిలేవారు. దాన్ని బట్టి లోతు కొలిచి, ఘనపుటడుగులు కట్టి, షెడ్యూలు రేటుతో హెచ్చవేసి, ఆ మొత్తాన్ని ప్రజా విరాళం కింద జమ చూపేవారు. రైతు తోలిన బండెడు గులకకు ఒక రేటు, వడ్రంగి చేసిన తలుపుకు ఒక రేటు. నేను 1970 దశకంలో ఉద్యోగంలో చేరేనాటికి ఈ ఊపు చాలావరకు తగ్గింది గాని, పాత రిజిస్టర్లు బీరువాల్లో భద్రంగానే ఉండేవి. వాటిలో రూపాయలు, అణాలు కనిపించేవి. పార పట్టినవారి పేర్లు మాత్రం కనిపించేవి కావు.

జనం చేత పని చేయించడమే గాని, ఏ పని కావాలో జనాన్ని అడగడం లేదని 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ గుర్తించింది. కమిటీ సిఫారసుల మేరకు 1959లో ముందు రాజస్థాన్‌లోనూ, వెంటనే మన ఆంధ్రప్రదేశ్‌లోనూ పంచాయతీరాజ్ ఏర్పడింది. నెహ్రూగారు షాద్‌నగర్‌కు వచ్చి ప్రారంభించారు. సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాక బడి కావాలా, బాట కావాలా అని తేల్చుకునే హక్కు కొంతైనా ఊరికి దక్కింది.

అయితే మంచితోబాటు చెడునూ చెప్పుకోవాలి. కలిగినవాడు చందా ఇచ్చి ఇంట్లో కూర్చునేవాడు. రెక్కాడితే గాని డొక్కాడనివాడు ఒక రోజు కూలి వదులుకొని మట్టి మోసేవాడు. తీరా బాట పడ్డాక దాని మీద తిరిగేది బండ్లున్న రైతుల ధాన్యమే. పేదవాడి వాడకు ఆ బాట చేరని ఊళ్ళు కూడా ఉన్నాయి. దానం అన్న మాటకు ఇచ్చేవాడి ఇష్టం ముఖ్యం. పటేలు పిలుపుకు భయపడి వచ్చినవాడిది దానం ఎలా అవుతుంది?

మరొకటి భూమి సంగతి. ఊరి మేలు కోరి రైతులు తమ పొలం గట్టు నుంచి పదేసి అడుగులు నోటిమాటతో వదిలారు. దానపత్రం లేదు, రిజిస్ట్రేషను లేదు, అడంగలులో మార్పు లేదు. ఇచ్చినవాడు ఉన్నంతకాలం మాట నిలిచింది. నేను పనిచేసిన ఒక సమితిలో తండ్రి ఇచ్చిన స్థలానికి కొడుకులు కంచె వేస్తే, కాగితం చూపలేక ఊరు ఊరంతా నోరు మూసుకోవలసి వచ్చింది. అర కాగితం మీద రాసి సంతకం తీసుకున్నా ఎంతో మేలు జరిగేది.

1977లో పనికి ఆహార పథకం వచ్చింది. ఊరి పనికి కూలి గిట్టాలనే ఆలోచన అప్పటినుంచి బలపడింది. 1986 చట్టంతో సమితులు పోయి మండలాలు వచ్చాయి. 1997 జనవరిలో జన్మభూమి మొదలైనప్పుడు శ్రమదానం మాట మళ్ళీ వినిపించింది. దక్షిణ కొరియాలో 1970లో ప్రారంభమైన సెమాల్ ఉద్యమం దానికి ఒక ప్రేరణ. అక్కడ ప్రభుత్వం ఊరూరికీ 335 బస్తాల సిమెంటు ఉచితంగా ఇచ్చి, ఏం కట్టుకోవాలో మీరే తేల్చుకోండన్నది. బాగా వాడుకున్న ఊళ్ళకే మరుసటి విడత సిమెంటు, ఇనుము ఇచ్చింది. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం ప్రారంభమైనప్పుడు పేదవాడి శ్రమకు కూలి చట్టబద్ధమైన హక్కయింది. అది న్యాయం. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయలో ప్రభుత్వం చెరువు పూడిక తీయిస్తే, ఆ ఒండ్రుమట్టిని రైతులు సొంత ఖర్చుతో పొలాలకు తోలుకున్నారు. మేలు పొందేవాడే భారం మోయడం అందులోని సుగుణం.

ఇన్నేళ్ళ అనుభవంతో చూస్తే నాకు తోచినది ఇదే. ఏ పనో ఊరు నిర్ణయించుకుని, భారం ఎవరి శక్తికి తగ్గట్టు వారి మీద పడి, పని పూర్తయ్యాక దాని బాగోగులు ఎవరివో ముందే రాసుకున్నచోట శ్రమదానం నిలిచింది. ఫోటో కోసం పార పట్టినచోట రెండు వానలకే కొట్టుకుపోయింది.

మిత్రులకు ఒక మనవి. శిలాఫలకాల మీద ప్రారంభించినవారి పేర్లున్నాయి గాని, మట్టి మోసినవారివి లేవు. ఆనాటివారు ఇప్పుడు ఊరికి ఒకరిద్దరే మిగిలారు. మీ ఊరి బాటకు స్థలం ఎవరిచ్చారో, బడి గోడకు రాయి ఎవరు తోలారో వారిని అడిగి, మనుమల చేత ఒక నోటుబుక్కులో రాయించండి. ఒక ప్రతి పంచాయతీ ఆఫీసులో ఇచ్చి, మరొకటి మన సంఘానికి పంపండి. కాగితం విలువ గుమాస్తాలమైన మనకు వేరే చెప్పనక్కరలేదు.