యాంటీబయాటిక్ ఎక్కడ కొడుతుంది? సుబ్బారావు నుంచి పటాన్‌చెరు దాకా

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు నుంచి మన ఎపిసోడ్లు చూసేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "సార్, సర్దికి, జరానికి యాంటీబయాటిక్ గోలీ వేసుకోవచ్చా?" జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కానీ చరిత్రలోంచి చెబితే గుర్తుంటుంది. ఆ చరిత్రలో మన తెలుగాయన ఒకరున్నారు.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన అన్నను స్ప్రూ అనే జబ్బు తీసుకుపోయింది. స్ప్రూ వస్తే తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గి మనిషి ఎండిపోతాడు. సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివి 1922లో అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో ఏళ్ల తరబడి పనిచేసి, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరి, అక్కడి పరిశోధనకు పెద్దదిక్కయ్యారు.

అప్పటికి బాక్టీరియా మీద రెండు ఆయుధాలున్నాయి. మొదటిది పెన్సిలిన్. 1928లో ఫ్లెమింగ్ చూసిన బూజు నుంచి వచ్చింది. బాక్టీరియా చుట్టూ గట్టి గోడ ఉంటుంది. పెన్సిలిన్ ఆ గోడ కట్టే పనిని ఆపుతుంది. గోడ బలహీనమైతే నీళ్లు లోపలికి చేరి బాక్టీరియా పగిలిపోతుంది. మన కణాలకు అలాంటి గోడే లేదు కాబట్టి మనకు దెబ్బ తగలదు. యాంటీబయాటిక్‌ల సూత్రమంతా ఇదే: శత్రువుకు ఉండి మనకు లేనిదాన్ని, లేదా మనలో వేరుగా ఉన్నదాన్ని చూసి కొట్టాలి.

రెండోది 1930లలో వచ్చిన సల్ఫా మందులు. ఇవి ఫ్యాక్టరీలో తయారైన రసాయనాలు. ఫోలిక్ ఆమ్లం లేకపోతే బాక్టీరియా పెరగదు. చాలా బాక్టీరియాలు దాన్ని సొంతంగా వండుకోవాలి. సల్ఫా ఆ వంటను చెడగొడుతుంది. మనకైతే ఫోలిక్ ఆమ్లం ఆకుకూరల్లో, పప్పుల్లో దొరుకుతుంది. ఈ ఫోలిక్ ఆమ్లాన్నే 1945లో సుబ్బారావు గారి బృందం ప్రయోగశాలలో తయారుచేసింది.

ఇక మూడోది. టెట్రాసైక్లిన్‌ను సుబ్బారావు గారే కనిపెట్టారని మనవాళ్లు చెబుతుంటారు. ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. ఆ జాతిలో మొదటి మందు ఆరియోమైసిన్. మిస్సోరీ పొలం మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని పట్టినవాడు బెంజమిన్ డగ్గర్ అనే డెబ్బై దాటిన వృక్షశాస్త్రవేత్త. ఆయన పనిచేసింది సుబ్బారావు గారు నడిపిన పరిశోధన విభాగంలోనే. బాక్టీరియా లోపల ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ అనే యంత్రం ఉంటుంది. టెట్రాసైక్లిన్ అక్కడ అడ్డం కూర్చుంటుంది. చాలావరకు చంపదు, పెరగనివ్వదు. మిగతా పని మన ఒంట్లోని రక్షణ కణాలు చూసుకుంటాయి.

1948 జూలైలో ఆ మందును లోకానికి చెప్పారు. కొద్ది వారాలకే, ఆగస్టులో, సుబ్బారావు గారు కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లే. ఇప్పుడు స్ప్రూకు డాక్టర్లు ఇచ్చేవి ఏవో తెలుసా? ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. అన్నను మింగిన జబ్బుకు ఒక మందూ, రెండో మందు జాతిలో మొదటిదీ తమ్ముడు నడిపిన చోటు నుంచే వచ్చాయి!

తర్వాత వచ్చినవాటిలో మీకు బాగా తెలిసింది సిప్రోఫ్లాక్సాసిన్. బాక్టీరియా డీఎన్ఏ మెలికలను విప్పే ఎంజైమ్‌ను ఇది పట్టేస్తుంది. మెలిక సరిగా విడకపోతే ఒకటి రెండు కాలేదు.

కథ ఇప్పుడు మన దగ్గరికే వస్తోంది. 2007లో స్వీడన్ పరిశోధకులు హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరులో, మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసి వదిలిన నీళ్లను పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అలాంటి నీళ్లలో బతికి బట్టకట్టిన బాక్టీరియా ఏమవుతుంది? మొండిదవుతుంది. ఒకటి పెన్సిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ తయారుచేసుకుంటుంది, ఇంకోటి టెట్రాసైక్లిన్‌ను బయటకు తోడిపోస్తుంది, మరోటి సిప్రో పట్టుకునే చోటునే మార్చేసుకుంటుంది. పైగా ఈ విద్యను పక్కదానికీ నేర్పుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్నకు వద్దాం. సర్ది, ఫ్లూ వైరస్‌లతో వస్తాయి. వైరస్‌కు ఆ గోడ లేదు, సొంత రైబోజోమ్ లేదు. మరి గోలీ ఎక్కడ కొడుతుంది? వైరస్‌ను వదిలేసి మన కడుపులోని మంచి బాక్టీరియా మీద పడుతుంది, అక్కడున్నవాటికి మొండితనం నేర్పుతుంది. రేపు నిజంగా న్యుమోనియా వచ్చిన పసిబిడ్డకు అదే మందు పనిచేయకపోతే, ఆ నష్టం ఎవరిది?

అందుకే ఊళ్లో ఎవరైనా సర్దికి యాంటీబయాటిక్ ఇస్తే, "ఇది దేని మీద పనిచేస్తది?" అని అడగండి. డాక్టరు చూసి రాసిస్తే మాత్రం ఆయన చెప్పినన్ని రోజులు వాడండి. మధ్యలో ఆపాలనిపిస్తే ఆయన్నే అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.